తాళం పడిన ఇల్లు, ఒక ఫోటో, ఒక ఉత్తరం

బుర్ దుబాయ్‌లో ఉండేవాళ్ళకీ, సెలవు రోజున అటు వెళ్ళేవాళ్ళకీ ఈ చోటు బాగా తెలుసు. మీనా బజార్‌లో ఇంటికి డబ్బు పంపే పని చూసుకుని క్రీక్ వైపు నడిస్తే పాత కోట వస్తుంది. ఆ కోటకి కొంచెం అవతల మట్టిరంగు గోడల ఇళ్ళు, ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోయే సందులు, ఇళ్ళ మీద నలుపలకల గోపురాలు కనిపిస్తాయి. పేరు అల్ ఫహీది. పాతవాళ్ళు బస్తకియా అంటారు. మనమూ అక్కడ నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపినవాళ్ళమే. ఇంట్లోవాళ్ళు చూసి "ఎంత బాగుందిరా" అని ఉంటారు.

కానీ ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈ ఇళ్ళు కొన్నాళ్ళు సామాన్లు పడేసే గోదాములు. కొన్నాళ్ళు మనలాంటి పరదేశి కూలీలు అద్దెకున్న రూములు. తర్వాత వీటిని కూలగొట్టాలని నిర్ణయం కూడా అయిపోయింది. ఆ ఇళ్ళు ఎలా మిగిలాయి, వాటిలో ఉన్న కూలీల గుర్తు మాత్రం ఎందుకు మిగల్లేదు అన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ ఇళ్ళు కట్టినవాళ్ళ గురించి చెప్పుకుందాం. వాళ్ళూ వలస వచ్చినవాళ్ళే. ఇరాన్ దక్షిణాన బస్తక్ అనే ఊరుంది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో అటువైపు రేవుల్లో సుంకాలు పెరిగాయి. ఇటు దుబాయ్ పాలకులు సుంకం తగ్గించి వ్యాపారులను రమ్మన్నారు. అలా బస్తక్ చుట్టుపక్కల వ్యాపారులు క్రీక్ ఒడ్డున దిగి ఇళ్ళు కట్టుకున్నారు. సొంతూరి పేరే పేటకి పెట్టుకున్నారు. బతుకుతెరువు ఎక్కడ ఉంటే అక్కడికి పోవడం, పోయినచోట సొంతూరి పేరు తలుచుకోవడం మనకీ కొత్త కాదు కదా.

కట్టిన పద్ధతి మన మేస్త్రీలకి ఇట్టే అర్థమవుతుంది. గోడలకి సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, పైన జిప్సం పూత. పైకప్పుకి తూర్పు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన మడ దుంగలు, వాటి మీద ఖర్జూరపు ఆకుల చాపలు. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులు చూసినవాళ్ళకి ఆ కర్ర ఎలా ఉంటుందో తెలుసు. దుంగ ఎంత పొడవుంటే గది అంతే వెడల్పు. అందుకే గదులన్నీ సన్నగా, పొడవుగా ఉంటాయి. మధ్యలో మన మండువా ఇంట్లో లాగే ఆకాశం కనిపించే వాకిలి ఉంటుంది.

ఇక ఇంటి మీద గోపురం. అరబ్బీలో బర్జీల్ అంటారు. అది అందానికి పెట్టింది కాదు. నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, లోపల మూల నుంచి మూలకి రెండు అడ్డుగోడలు ఉంటాయి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఆ అడ్డుగోడకి కొట్టుకుని కింద గదిలోకి దిగుతుంది. గదిలోని వేడిగాలి రెండో వైపు నుంచి పైకి పోతుంది. చలికాలం వస్తే కింద పలకలు మూసేసేవాళ్ళు. కరెంటు లేని రోజుల్లో ఇదే వాళ్ళ ఏసీ.

1966లో దుబాయ్‌లో చమురు పడింది. 1969 నుంచి ఎగుమతి మొదలైంది. డబ్బు వచ్చింది, కరెంటు వచ్చింది, ఏసీ వచ్చింది. పాత ఇళ్ళ సందుల్లోకి కారు రాదు. ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే కొత్త పేటల్లో పెద్ద విల్లాలు కట్టుకుని వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇంటిని ఏం చేస్తారు? కొందరు సరుకు పెట్టుకున్నారు, కొందరు అద్దెకిచ్చారు. అద్దెకి దిగింది అప్పుడప్పుడే ఓడలూ విమానాలూ ఎక్కి వస్తున్న కూలీలు. ఒక పెద్ద కుటుంబం కోసం కట్టిన ఇల్లు ఇప్పుడు పనివాళ్ళ రూములుగా మారింది. బాగుచేసేవాళ్ళు లేక పూత రాలింది, దుంగలు కుంగాయి.

1980లలో పాలకుల దివాన్ కార్యాలయాల కోసం పేటలో దాదాపు సగం కూల్చేశారు. మిగిలిన సగం కూడా తీసేయాలని 1989లో నిర్ణయించారు. పాతది పోయి కొత్తది రావడం అప్పుడు దుబాయ్‌లో రోజూ జరిగేదే. ఎవరూ పెద్దగా బాధపడలేదు.

అప్పుడు అక్కడ ఒక బ్రిటిష్ ఆర్కిటెక్టు ఉండేవాడు, పేరు రేనర్ ఓటర్. పేటలోనే ఒక ఇల్లు బాగుచేసుకుని అందులో కాపురం ఉంటున్నాడు. ఆయన ఇది కూల్చకూడదని పట్టుబట్టాడు. అదే ఏడాది బ్రిటన్ యువరాజు చార్లెస్ దుబాయ్ వస్తున్నాడని తెలిసి ఆయనకి ఉత్తరం రాశాడు. యువరాజు వచ్చి ఓటర్‌ని కలిశాడు, పేటంతా తిరిగి చూశాడు, దీన్ని కాపాడితే బాగుంటుందని చెప్పాడు. కూల్చివేత ఆగిపోయింది.

యువరాజు మాటతోనే అంతా అయిపోయిందనుకుంటే పొరపాటు. కూల్చకుండా ఆపడం ఒక పని, పాడుబడ్డదాన్ని మళ్ళీ నిలబెట్టడం ఇంకో పని. గోపురం కూలిపోయాక దాని ఎత్తెంత, లోపల గోడ ఎటు తిరిగింది, కిటికీ మీద ఏ చెక్కడం ఉంది అని ఎవరు చెప్పాలి? అక్కడే ఫోటో, కొలత అక్కరకొస్తాయి. ఆన్ కోల్స్ అనే భూగోళ పరిశోధకురాలు, పీటర్ జాక్సన్ అనే ఆర్కిటెక్టు కలిసి ఈ పేటలోని గాలి గోపురం ఇంటి గురించి 1975లోనే ప్రచురించారు. అప్పటికి కూల్చే మాట లేదు, కాపాడే మాటా లేదు. 2007లో వాళ్ళే ఆ గోపురాల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అవసరం రాకముందే రాసిపెట్టుకున్నది అవసరం వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఆ తర్వాతి ఏళ్ళలో మున్సిపాలిటీ ఒక్కో ఇల్లూ బాగుచేసింది. పాత ఊరి చుట్టూ ఉన్న ప్రహరీ గోడలో మిగిలిన ముక్కని కూడా నిలబెట్టారు. బాగుచేసిన ఇళ్ళకి తాళం వేసి బొమ్మల్లా ఉంచలేదు, పని అప్పజెప్పారు. ఒక ఇంట్లో కాఫీ మ్యూజియం, ఒక ఇంట్లో నాణేల మ్యూజియం, కొన్నింట్లో చిత్రాల గ్యాలరీలు. ఒక ఇంట్లో పరదేశీయులు కూర్చుని ఇక్కడి భోజనం తింటూ ఇక్కడి ఆచారాల గురించి ఏదైనా అడిగే కేంద్రం ఉంది. మనుషులు వచ్చిపోయే ఇల్లు నిలుస్తుంది, మూసిపెట్టిన ఇల్లు చెద పడుతుంది. ఇది మన ఊళ్ళో ముసలమ్మలూ చెప్పే మాటే.

ఇంతవరకు మంచి కథే. కానీ ఆ సందుల్లో తిరిగినప్పుడు ఒక్కటి వెలితిగా అనిపిస్తుంది. బస్తక్ వ్యాపారి కథ ఉంది, ముత్యాల కథ ఉంది, గోపురం కథ ఉంది. మధ్యలో ఆ గదుల్లో పడుకుని, ఆ వాకిట్లో బట్టలు ఆరేసుకుని, పొద్దున్నే లేచి ఈ నగరాన్ని కట్టడానికి పోయిన కూలీల కథ కనిపించదు. దీనికి ఎవరినో తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళ చేతిలో కెమెరా లేదు. ఉన్న కాగితాలు పాస్‌పోర్టు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు. రూము మారినప్పుడు ఉత్తరాలు పోయాయి, ఊరికి పోయినప్పుడు రూము పోయింది.

అన్నిచోట్లా ఇలాగే జరగాలని లేదు. కూలీలు దిగిన చోటునే కాపాడుకున్న దేశం ఒకటుంది. అది మారిషస్. ఆ కథలో మన తెలుగువాళ్ళు ఉన్నారు కాబట్టి చెప్పుకోవాలి.

1834 నుంచి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది ఒప్పందపు కూలీలు మన దేశం నుంచి మారిషస్ వెళ్ళారు. చెరకు తోటల్లో పనికి కొందరు, అక్కడి నుంచి వేరే దీవులకి ఇంకొందరు. తెలుగువాళ్ళలో చాలామంది కోరంగి రేవు వైపు నుంచి ఓడ ఎక్కినవాళ్ళు కావడంతో అక్కడ వాళ్ళని "కోరంగీలు" అని పిలిచేవాళ్ళు. పోర్ట్ లూయిస్‌లో ఓడ దిగిన కూలీ 16 రాతి మెట్లు ఎక్కి డిపోలోకి వెళ్ళాలి. అది 1849లో కట్టడం మొదలైన డిపో. అక్కడ పేరు రాసుకుని, నంబరు ఇచ్చి, ఒకటి రెండు రోజులుంచి తోటకి పంపేవాళ్ళు. 1860ల నుంచి కూలీ టిక్కెట్టు మీద ఫోటో కూడా అంటించడం మొదలైంది. ఆ ఫోటో కూలీ మీద ప్రేమతో తీసింది కాదు, తోట వదిలి పారిపోతే పట్టుకోవడానికి తీసింది.

కూలీల రాక ఆగిపోయాక ఆ డిపో ప్రాధాన్యం పోయింది. కొంత భాగం పడిపోయింది, కొంత భాగం మీదుగా పెద్ద రోడ్డు పోయింది. 1865 నాటి డిపోలో ఇప్పుడు మిగిలింది సగం కన్నా తక్కువ. అలా మిగిలినదాన్నే అక్కడివాళ్ళు వదల్లేదు. బిక్రమ్‌సింగ్ రామలాల్లా అనే పత్రికా సంపాదకుడు ఏళ్ళ తరబడి దాని కోసం కొట్లాడాడు. "కూలీ ఘాట్" అన్న పేరు తీసేసి "ఆప్రవాసీ ఘాట్" అని పెట్టారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2014లో పక్కనే ఆయన పేరుతో కూలీల చరిత్ర చెప్పే కేంద్రం తెరిచారు. ఏటా నవంబరు 2న దేశమంతా సెలవు ఇచ్చి కూలీలు దిగిన రోజును తలుచుకుంటారు.

ఆ టిక్కెట్లు, ఫోటోలు, పేర్లు రాసిన పుస్తకాలు మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మనవలు, మునిమనవలు వచ్చి తమ తాత పేరు, ఊరు వెతుక్కుంటారు. పారిపోకుండా పట్టుకోవడానికి తీసిన ఫోటో ఇప్పుడు ఒక కుటుంబం తన మూలం తెలుసుకునే కాగితం అయింది.

దుబాయ్ నుంచి మారిషస్ దాకా వచ్చాం. ఇక ఇంటికి పోదాం. మన ఊళ్ళలో పాడుబడ్డ కట్టడాలకి లోటు లేదు. జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి వైపూ, కోనసీమ, కడప వైపూ గల్ఫ్ ఇళ్ళకి తాళాలు వేలాడుతున్న వీధులు మనం చూస్తున్నాం. కామారెడ్డి జిల్లా దోమకొండలో పాత కోట ఒకటుంది. అది కూడా చాలాకాలం పట్టించుకునేవాళ్ళు లేక శిథిలమైంది. కోట వారసుల కుటుంబం సొంత డబ్బుతో, అనురాధా నాయక్ అనే ఆర్కిటెక్టు చేత దాన్ని బాగు చేయించింది. 2022లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఒకటి వచ్చింది. ఒక పల్లెలో సొంతవాళ్ళే పూనుకుని చేయడం, బాగయిన కోట ఊరందరికీ అక్కరకు రావడం దానికి మంచిపేరు తెచ్చాయి. గల్ఫ్‌కి ఇంతమందిని పంపిన జిల్లాలోనే ఇది జరిగింది.

మనకి కోటలు లేవు, నిజమే. కానీ మూతపడ్డ బడి గది ఉంది, పాత పంచాయతీ కచేరీ ఉంది, ఎవరూ ఉండని తాతగారి ఇల్లు ఉంది. ఈసారి లీవుకి పోయినప్పుడు దాన్ని నాలుగు వైపుల నుంచీ, లోపల ప్రతి గదినీ, పైకప్పునీ, తలుపు చెక్కడాన్నీ ఫోటో తీయండి. టేపు పట్టి కొలతలు రాసుకోండి. యజమాని ఎవరు, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి అని పెద్దవాళ్ళని అడగండి, ఎందుకంటే చాలా పనులు ఆగేది డబ్బు దగ్గర కాదు, కాగితం దగ్గర. బాగుచేసే ముందే దాన్ని దేనికి వాడాలో ఊళ్ళో మాట్లాడుకోండి. చదువుకునే గదా, కుట్టుమిషన్లు పెట్టే చోటా, గల్ఫ్‌కి పోయేవాళ్ళు వీసా కాగితాలు చదివించుకునే చోటా? పని లేని ఇల్లు బాగుచేసినా మళ్ళీ పాడవుతుంది. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాక గోడ ఉబ్బి రాలుతుంది. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఊళ్ళో ఉంటే ఆయన ఉండగానే నేర్చుకోండి.

ఇక్కడ ఉన్నప్పుడు కూడా మన రూము, మన క్యాంపు, కలిసి వండుకునే వంటగది ఫోటో తీసిపెట్టుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ దేశాల్లో అడగకుండా మనుషుల ఫోటో తీసినా, ప్రభుత్వ, భద్రతా కట్టడాల ఫోటో తీసినా కేసు అవుతుంది. తాళం వేసిన ఇంట్లోకి దూరితే అదీ నేరమే. రూములోవాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళనే తీయండి. తీశాక ఎవరెవరున్నారో, ఏ ఏడాదో, ఏ పని చేసేవాళ్ళో కాగితం మీద రాసి ఇంటికి పంపండి. ఫోన్ పోతే ఫోటో పోతుంది, కాగితం బీరువాలో ఉంటుంది.

బస్తకియా గదుల్లో పడుకున్నవాళ్ళ పేర్లు మనకి దొరకవు. మన పేర్లు మన మనవలకి దొరకాలంటే రాసి పెట్టాల్సింది మనమే.