వయోజన వలసదారులకు భాగస్వామ్య పద్ధతిలో ఆంగ్ల బోధన

వలస వచ్చిన వయోజనులకు ఆంగ్లం నేర్పేటప్పుడు పాఠ్యాంశాలను ముందుగా నిర్ణయించక, అభ్యాసకుల జీవిత సమస్యల నుండే పాఠాలను రూపొందించే విధానాన్ని భాగస్వామ్య పద్ధతి అంటారు. ఇది అమెరికాలో 1980వ దశకంలోను, బ్రిటన్‌లో 2000 తరువాతను వ్యాప్తిలోకి వచ్చింది. దీనికి మూలం బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ (1921–1997) ఆలోచనలు.

నేపథ్యం

1963లో ఈశాన్య బ్రెజిల్‌లోని ఆంజికోస్ పట్టణంలో ఫ్రెయిరీ బృందం సుమారు 300 మందికి 40 గంటల బోధనతో చదవడం, వ్రాయడం నేర్పింది. ఆనాడు ఆ దేశంలో నిరక్షరాస్యులకు ఓటుహక్కు లేదు కనుక ఇది కేవలం విద్యావిషయం కాలేదు. 1964 సైనిక కుట్ర తరువాత ఫ్రెయిరీ ఖైదు పాలై, పిదప ప్రవాసం వెళ్ళవలసి వచ్చింది. ఆయన ప్రసిద్ధ రచన "పీడితుల బోధనాశాస్త్రం" ఆంగ్లానువాదం 1970లో వెలువడింది.

ఆంజికోస్ పద్ధతిలో ఇటుక వంటి నిత్యజీవిత పదాన్ని తీసుకుని, దానిపై చర్చించి, ఆపై దానిని అక్షర భాగాలుగా విడదీసి కొత్త పదాలు కట్టించేవారు. మన గుణింతం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. కాని ఆంగ్లంలో ఉచ్చారణకు, వర్ణక్రమానికి పొంతన తక్కువ కనుక ఈ భాగం అక్కడ పనికిరాలేదు. ఆంగ్ల బోధకులు ప్రధానంగా స్వీకరించినది చర్చనే.

ఆంధ్ర ప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా వాచకంలోని పాఠంపై జరిగిన చర్చ సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీయడం, 1993 అక్టోబరులో సారా నిషేధం అమలులోకి రావడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినవి.

అమెరికాలో

నీనా వాలర్‌స్టీన్, ఎల్సా ఔర్‌బాక్ ఈ పద్ధతిని వలసదారుల తరగతులకు మలచినవారిలో ముఖ్యులు. వీరిద్దరూ కలిసి పని స్థలాల సమస్యలపై వ్రాసిన పాఠ్యపుస్తకం 1987లో వచ్చింది. అంతకుముందు 1985లో ఔర్‌బాక్ సహరచయితగా వెలువడిన వ్యాసం, "బ్రతుకుతెరువు ఆంగ్లం" పుస్తకాలను విమర్శించింది. ఆ పుస్తకాలు వలసదారుకు ఆజ్ఞలు పాటించే భాషను నేర్పుతాయే గాని, ఎదురు ప్రశ్నించే భాషను నేర్పవని దాని సారాంశం. తరగతిలో ఆంగ్లమే మాట్లాడాలనే నియమాన్ని కూడా ఔర్‌బాక్ 1993లో ప్రశ్నించారు. మాతృభాషలో చర్చకు తావివ్వకపోతే అక్షరజ్ఞానం తక్కువగా ఉన్నవారే ముందుగా తరగతి మానివేస్తారు.

తరగతి నిర్వహణ

ఉపాధ్యాయుడు ముందుగా ఒక చిత్రాన్నో, చిన్న సంభాషణనో చూపుతాడు. దీనిని సంకేతం అంటారు. ఉదాహరణకు, చెమ్మ పట్టిన గోడ, దాని ముందు యజమానితో మాట్లాడలేక నిలబడిన అద్దెదారు. అభ్యాసకులు మొదట కనిపించినది వర్ణిస్తారు, సమస్యను గుర్తిస్తారు, తమ అనుభవాలు చెబుతారు, కారణాలు వెదకుతారు, చివరకు ఏమి చేయవచ్చో చర్చిస్తారు. యజమానికి ఫిర్యాదు లేఖ వ్రాయాలని నిశ్చయిస్తే, ఆ లేఖకు కావలసిన వ్యాకరణమే ఆనాటి పాఠం. అందువలన ఈ పద్ధతిలో వ్యాకరణం ఉండదనడం పొరపాటు. అది చర్చ వెనుక వస్తుంది.

బ్రిటన్‌లో

యాక్షన్‌ఎయిడ్ సంస్థ 1990వ దశకంలో ఉగాండా, బంగ్లాదేశ్, ఎల్ సాల్వడార్‌లలో "రిఫ్లెక్ట్" పేరిట వయోజన విద్యా ప్రయోగాలు చేసింది. గ్రామీణులు నేలపై పటాలు గీసే పద్ధతిని ఇందులో కలిపారు. సమస్యను మానుగా, కారణాలను వేళ్ళుగా, ఫలితాలను కొమ్మలుగా గీసే "సమస్యా వృక్షం" ఇందులోని సాధనమే. తరువాత ఇదే విధానాన్ని బ్రిటన్‌లో వలసదారుల ఆంగ్ల తరగతులకు అన్వయించారు. లండన్‌లోని ఇంగ్లీష్ ఫర్ యాక్షన్ సంస్థ ఈ కోవలోనిది.

విమర్శలు, పరిమితులు

ప్రభుత్వ నిధులు సాధారణంగా పరీక్షలతోను, నిర్ణీత స్థాయిలతోను ముడిపడి ఉంటాయి. ముందే వ్రాయని పాఠ్యప్రణాళికకు నిధులు పొందడం కష్టం. వ్యాకరణ పుస్తకం ఆశించి వచ్చినవారికి చర్చ కాలహరణంగా తోచవచ్చు. అన్నిటికంటె తీవ్రమైన అభ్యంతరం వేరొకటి: శరణార్థిగా దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న వ్యక్తికి తన కథ చెప్పుకోవడం ప్రమాదకరం కావచ్చు. అందుకే అనుభవజ్ఞులైన బోధకులు సొంత అనుభవం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరు. చిత్రంలోని వ్యక్తి గురించి మాట్లాడితే చాలునంటారు.