పదకొండు నెలల కాగితం

మేడ మీద పోర్షన్‌కి టు-లెట్ బోర్డు కట్టిన వారంలోనే అద్దెకి వచ్చేవాళ్ళు దొరికారు. అగ్రిమెంటు కోసం స్టాంపు పేపర్లమ్మే కొట్టుకి వెళ్తే, "పేర్లు, డోర్ నంబరు, అద్దె ఎంతో చెప్పండి సార్, మిగతా మేటరంతా రెడీగా ఉంది" అన్నాడు అక్కడి కుర్రాడు. గడువు మాటే అడగలేదు. పదకొండు నెలలని ముందే టైపు చేసి ఉంది. పదకొండే ఎందుకంటే, "అందరూ అంతే సార్" అన్నాడు.

ఆ అంకె మూలాలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉన్నాయి. ఏడాది దాటే లీజు ఏదైనా రిజిస్టరైన దస్తావేజుతోనే చెల్లుతుందని ఆ చట్టం 107వ సెక్షన్ చెప్పింది. 1908లో వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టం దాన్నే ఇంకా గట్టిగా బిగించింది. రిజిస్టరు చేయాల్సిన కాగితాన్ని చేయించకపోతే, దాని షరతులకు కోర్టులో అది సాక్ష్యంగా నిలవదు. రిజిస్ట్రేషనంటే ఫీజు, ఆఫీసు చుట్టూ తిరుగుడు. అందుకని జనం ఏడాదికి ఒక నెల ఇవతలే ఆగడం నేర్చుకున్నారు.

ఆ అలవాటుకి భయం తోడైంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1918లో, బొంబాయిలో అద్దెలకు కళ్ళెం వేస్తూ చట్టం వచ్చింది. మన దగ్గర ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం నడిచాయి. ఆ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. దాని కిందికి వచ్చే ఇంట్లో గడువు తీరిందన్న ఒక్క కారణంతో ఖాళీ చేయించడం కుదరదు. అద్దె ఎగ్గొట్టారనో, వేరేవాళ్ళకి మారు అద్దెకిచ్చారనో, ఇల్లు తమ వాడకానికే కావాలనో యజమాని రుజువు చేయాలి. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్ళకు ఆ చట్టం మినహాయింపునిచ్చింది. పాతికేళ్ళు గడిచాక కూడా ఈ తేడా ఏమిటని సుప్రీంకోర్టు 1983లో దాన్ని కొట్టేసింది. పన్నెండు నెలలు దాటితే ఇల్లు అద్దెకున్నవాళ్ళదైపోతుందన్న భయం మాత్రం ఇప్పటికీ వీధి వీధినా వినిపిస్తుంది. పన్నెండేళ్ళ ఆక్రమణ గురించి చెప్పే వేరే చట్టాన్ని తెచ్చి దీనికి ముడిపెడతారు. యజమాని ఒప్పుకుని ఇచ్చిన ఇంట్లో అద్దెకుంటే అది ఆక్రమణ కాదు.

నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇంకొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, గడువు ఎంతైనా సరే, ప్రతి లీజునీ రిజిస్టరు చేయించాలన్నారు. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో పదకొండు నెలలకి ప్రత్యేకంగా ఏ మినహాయింపూ లేదు. కారణం పోయి పాతికేళ్ళు దాటింది, అంకె మాత్రం మిగిలింది.

తప్పించుకోవడానికి పుట్టిన కాగితం కాబట్టే కాబోలు, అందులో ఎక్కడ చూసినా యజమాని జాగ్రత్తలే. అద్దె ఏ తారీఖున ఇవ్వాలి, అడ్వాన్సులో ఎంత కోసుకోవాలి, మేకులు కొట్టొచ్చా లేదా. ఇల్లు క్షేమమేనా అన్న మాట ఒక్క చోటా లేదు. అదే 1882 చట్టంలో యజమాని బాధ్యతలు చెప్పే 108వ సెక్షన్ మొదలయ్యేదే ఆ మాటతో. ఇంట్లో యజమానికి తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా అద్దెకి వచ్చేవాళ్ళ కంటపడని పెద్ద లోపమేదైనా ఉంటే ముందే చెప్పాలి. తాను చేయించాల్సిన మరమ్మతును చెప్పినా చేయించకపోతే, వాళ్ళే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నీళ్ళు, కరెంటు ఆపకూడదంటుంది, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పమంటుంది. కానీ అది నమూనా. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

తెలిసిన లోపం చెప్పమంది చట్టం. తెలుసుకోకుండా కూర్చుంటే? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. బాత్రూంలో గీజర్ ప్లగ్గు బోర్డు విప్పి, "దీనికి ఎర్త్ తీగే కలపలేదండీ, మూడో బొక్క ఊరికే ఉంది" అన్నాడు. గీజర్‌లో ఎలిమెంటు పాడైతే కరెంటు దాని లోహపు ఒంట్లోకి, నీళ్ళలోకి దిగుతుంది. ఎర్త్ ఉంటే భూమిలోకి పోయి బ్రేకర్ పడిపోతుంది. లేకపోతే స్నానం చేసే మనిషి గుండానే పోతుంది. కొన్నేళ్ళు మేమే వాడుకున్న బాత్రూం అది.

కొత్త తీగ లాగించి, ఎర్తింగ్ పరీక్ష చేయించాను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాను. మెట్ల మలుపు దగ్గర పిట్టగోడ పొట్టిగా ఉంది. కంటికి కనిపించేదాన్ని చెప్పమని చట్టం అడగదు. కానీ వచ్చేవాళ్ళకి మూడేళ్ళ పాప ఉంది. గ్రిల్లు బిగించాం.

తర్వాత మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళి కాగితం తిరగరాయించాను. గీజర్, ఎర్తింగ్ ఎప్పుడు పరీక్ష చేయించామో, మళ్ళీ ఎప్పుడు చేయిస్తామో, ఏ మరమ్మతు ఎవరిదో అందులో రాయించాను. అందరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి దాన్ని రిజిస్టరు చేయించాం. గడువు పన్నెండు నెలలు.