నంబరు చెప్తే తాత దొరుకుతాడు

డర్బన్‌లో పాత తెలుగు కుటుంబాల వాళ్లను మీ పెద్దవాళ్లు ఎవరని అడిగితే, చాలా ఇళ్లలో పేరు కంటే ముందు ఒక అంకె వినిపిస్తుంది. అది ముత్తాత నంబరు. కొందరైతే ఆ నంబరున్న కాగితాన్ని ఫ్రేము కట్టించి తాతల ఫొటోల పక్కన గోడకు తగిలిస్తారు. జగిత్యాల దిక్కు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషికి తొలినాళ్లలో ఇది మింగుడు పడలేదు. మన దగ్గర మనిషికి నంబరు వేసేది జైల్లో, లేదంటే బొగ్గుబాయి హాజరు పట్టీలో. పెత్రమాసనాడు బియ్యమిచ్చి తలుచుకునే పెద్దల మధ్య అంకెకేం పని?

ఆ అంకె కథ చెరకుతో మొదలైంది. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నాటాల్‌ను బ్రిటిష్‌వాళ్లు 1843లో తమ ఏలుబడిలో కలుపుకున్నారు. సముద్రం ఒడ్డున చెరకు ఏపుగా పెరుగుతుందని తేలింది గానీ కోసే చేతులు దొరకలేదు. జులూలకు సొంత పశువులున్నాయి, సొంత చేలున్నాయి. పరాయివాడి తోటలో ఏడాది పొడుగునా వంగి పనిచేయాల్సిన అగత్యం అప్పటికి వాళ్లకు లేదు. బానిసలను కొనే రోజులు పోయాయి. మారిషస్‌లో హిందుస్థానీ కూలీలతో చెరకు తోటలు దర్జాగా నడుస్తున్నాయని చూసి నాటాల్ దొరలు కూడా అదే దారి పట్టారు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తెచ్చి డర్బన్ రేవులో దింపింది. పది రోజులకు కలకత్తా నుంచి బెల్వెడేర్ వచ్చింది. అట్లా 1911 దాకా ఓడలు వస్తూనే ఉన్నాయి. మొత్తం దిగినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్లు.

ఒప్పందం ఐదేళ్లకు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు, పైన తిండి గింజలు, తలదాచుకోను ఒక గది. ఐదేళ్లయినా తిరిగిపోకుండా, మళ్లీ ఒప్పందం రాసుకోకుండా ఇక్కడే ఉంటామంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు, చివరి ఏడాది జీతం లెక్కన నాలుగు నెలల రెక్కల కష్టం కంటే ఎక్కువ. పన్నుకు భయపడి ఎంతోమంది మళ్లీ వేలిముద్ర వేశారు. గాంధీ నడిపిన 1913 సమ్మె తర్వాత, మరుసటి ఏడాదికి గానీ ఆ పన్ను పోలేదు.

ఓడ దిగిన ప్రతి మనిషికి సర్కారు ఒక వరుస నంబరు వేసింది, చంకలోని పసిపిల్లతో సహా. నంబరు పక్కన గడులు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, ఏ దొర తోటకు పంపిందీ. ఈ ఓడ పట్టీలను తర్వాత ఇక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. డర్బన్‌లోని గాంధీ-లుతూలీ కేంద్రంలో వాటిని చూడొచ్చు. ఇంకా లోతుకు పోవాలంటే ఎనభై కిలోమీటర్ల దూరాన ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గ్ దస్తావేజుల భవనానికి పోవాలి. గాంధీని 1893లో చలి రాత్రి రైలు నుంచి నెట్టేసిన ఊరది.

పట్టీలో ఒంటి గుర్తుల గడి చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎడమ మోకాలి మీద మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు, వీపు మీద గాయం గీత. సంతలో ఎడ్లకు సుడులు చూసినట్టు మనిషిని తిప్పి తిప్పి చూసి రాశారు. పాస్ లేకుండా తోట దాటడం నేరం. పారిపోయినవాణ్ని పట్టుకోవడానికి పనికొస్తుందని ఆ మచ్చ రాశారు. నూరేళ్ల తర్వాత అదే మచ్చ చూసి మునిమనుమరాలు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, ఫొటో కూడా లేని మనిషి రూపం అంతవరకైనా దొరికిందని.

కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు ఈ పట్టీల్లో తమ ఊళ్ల కోసం వెతికితే చేతికి వచ్చేవి విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లే. కారణం తేలికే. మద్రాసు డిపోలు బ్రిటిష్ ఇండియా చట్టం కింద నడిచేవి, మనది నిజాం రాజ్యం. ఒకవేళ మన మనిషి ఎవరైనా సరిహద్దు దాటి ఓడెక్కి ఉంటే, 1905కు ముందైతే అతని జిల్లా ఎలగందుల అని ఉండాలి, ఆదిలాబాద్ వైపు వాడైతే సిర్పూర్-తాండూర్. మనవాళ్ల దారి వేరే దిక్కుకు పోయింది: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. ఏజెంటు చేతిలో లక్షలు పోసి వీసా తెచ్చుకునే కరీంనగర్ పిల్లగాడికి, మేస్త్రీ మాట నమ్మి మద్రాసు డిపోకు నడిచిన శ్రీకాకుళం పిల్లగాడి సంగతి వేరే వివరించే పని లేదు.

మరి ఓడ ఎక్కని మనకు వంశం ఎవరు రాసిపెట్టారు? ఎవరూ రాయలేదు, పాడారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, కాపులకు పిచ్చకుంట్లవాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఏ ఊరి మిరాశి ఎవరిదో వాళ్లలో వాళ్లు పంచుకుని, పంట చేతికొచ్చే కాలానికి దిగుతారు. చేర్యాల నకాషీలు రాసిన బట్ట పటాన్ని కట్టెకు వేలాడదీసి, మీ గోత్రం ఇది, మీ మూలపురుషుడు ఇతడు అని రాత్రంతా చెప్తారు. గింజలో, బట్టలో, పైసలో తీసుకుని ఇంకో ఊరికి పోతారు. ఇవ్వకపోతే వచ్చే తిట్లు కూడా వంశం పేరుతోనే వస్తాయి. ఆదిలాబాద్ గోండులకు ఆ పని ప్రధాన్‌లది. కింగ్రి అనే తీగవాద్యం వాయిస్తూ వంశదేవుడు పెర్సాపేన్ ముందు వాళ్లు కథ ఎత్తుకుంటే ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరింటి పిల్లను చేసుకోకూడదో తేలిపోతుంది. 1940లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం చనిపోయిన తర్వాత నిజాం సర్కారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపితే, ఆయన మార్లవాయిలో మకాం పెట్టి గోండుల తెగలు, వాళ్ల కథలు కాగితం మీదికి ఎక్కించాడు. అంతకు ముందు అదంతా ప్రధాన్ గొంతులోనే ఉంది.

జగిత్యాల మనిషి ఈ రెండింటినీ త్రాసులో పెట్టి చూడటం ఒక వ్యసనంగా పెట్టుకున్నాడు. కూనపులివాళ్ల కథ మార్కండేయుడి దగ్గర, భావనా ఋషి దగ్గర మొదలై నూటొక్క గోత్రాలుగా చీలుతుంది. అంత పైనుంచి మన ముత్తాత దాకా దిగాలంటే మధ్యలో మెట్లు ఉండవు. ఓడ పట్టీ అందుకు తలకిందులు. మనిషి, అతని తండ్రి, అంతే. ఆ తండ్రికి తండ్రి ఎవరంటే గోడ. అక్కడ దేవుడు దొరుకుతాడు గానీ తాత దొరకడు, ఇక్కడ తాత దొరుకుతాడు గానీ వెనక ఇంకెవరూ ఉండరు. గింజల కోసం పాడినవాడు పొగడ్త ఎక్కువ కలుపుతాడు. జీతం కోసం రాసిన గుమాస్తాకు పొగడాల్సిన పని లేదు, ఆ మాటకొస్తే సరిగ్గా వినాల్సిన పనీ లేదు. పాడేవాడు కనీసం వినేవాళ్ల ముందు పాడతాడు, తప్పు చెప్తే ముసలాయన ఒకడు లేచి సరిదిద్దుతాడు. గుమాస్తా రాసింది సరిదిద్దేవాళ్లకు ఆ లిపి రాదు.

తెలుగు పేర్లు ఆ గుమాస్తా కలం కింద పడి నానా గతులు పట్టాయి. అన్నిటికంటే పెద్ద నష్టం, పట్టీలో ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువాడికి ఇంటిపేరు లేకపోతే పెళ్లిళ్ల దగ్గర వావి వరసలు ఎట్లా చూస్తారు? కొన్ని కుటుంబాల్లో ముసలవ్వలు దాన్ని నోట దాచుకున్నారు గానీ చాలామందికి పోయింది. కొందరికి తండ్రి పేరే ఇంటిపేరై కూర్చుంది. అన్న ఒక పేరుతో, తమ్ముడు ఇంకో పేరుతో నమోదైతే రెండు తరాలకు వాళ్ల పిల్లలు ఒకరికొకరు తెలియని మనుషులు. ఇంకెంతోమంది నాయుడు అయిపోయారు. డర్బన్‌లో నాయుడు అన్నంత మాత్రాన కులం తెలియదు, ఒక్కోసారి భాష కూడా తెలియదు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించాల్సిన భాషల్లో మన భాషనూ చేర్చింది గానీ, ఇంగ్లిషు ప్రతిలో ‘టెలెగు’ అని అచ్చయింది. గుమాస్తా ఆత్మ ఇంకా తిరుగుతున్నట్టుంది.

ఊరి పేరు అర్థమైనా వెతుకులాట తీరదు. పట్టీలో ఉన్న గంజాం చాలా భాగం 1936లో ఒడిశాలోకి పోయింది. ఆనాటి విశాఖపట్నం జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం పుట్టాయి. డర్బన్ నుంచి విశాఖలో దిగిన మనుమడు ఒక్క ఊరి కోసం మూడు కలెక్టరేట్లు తిరగాల్సి రావచ్చు. మనకు ఇది కొత్తేం కాదు. 2016లో కరీంనగర్, ఆదిలాబాద్ ముక్కలైన నాటి నుంచి మన పిల్లల సర్టిఫికెట్లలో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా.

ఓడ పట్టీల్లో జగిత్యాల మనిషిని కట్టిపడేసింది మాత్రం ఆడవాళ్ల వరుసలు. నూరుమంది మగవాళ్లకు ఇంతమంది ఆడవాళ్లు ఉండాలని సర్కారు పట్టుపట్టేది కాబట్టి ప్రతి ఓడలో వాళ్లున్నారు. వాళ్లకు ఇచ్చే కూలి మగవాళ్లలో సగం. అయినా నంబరు మాత్రం ఎవరిది వాళ్లకే. సొంత పేరు, సొంత తండ్రి పేరు, పుట్టిన ఊరు. మొగుడు లేకుండా ఒంటరిగా వచ్చినామెకు కూడా. ఎందుకు వచ్చిందో ఏ గడిలోనూ లేదు. కరువా, అత్తింటి ఆరళ్లా, వైధవ్యమా? పని చేయించుకునే లెక్క కోసమే రాశారు గానీ ఆమె ఫలానా అని రాశారు. మన పటం కథల్లో ఆ పాటి చోటు కూడా ఆడమనిషికి లేదు. గోండుల మెస్రం వంశంలో కొత్త కోడలు కేస్లాపూర్ పోయి వంశదేవుడు నాగోబా ముందు భేటింగ్ చేస్తేనే ఆ ఇంటి మనిషి. అదైనా నయం, ఆమెను దేవుడికైనా పరిచయం చేస్తారు.

తర్వాత కాలంలో కాగితం ఆడవాళ్లకు అన్యాయం కూడా చేసింది. 1913 మార్చిలో కేప్ కోర్టులో సెర్ల్ అనే న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిలో కాని పెళ్లిళ్లు ఈ దేశంలో చెల్లవన్నట్టు తీర్పిచ్చాడు. తాళి కట్టించుకున్నవాళ్లంతా ఒక్క పూటలో పెళ్లాలు కాకుండా పోయారు. కస్తూర్బా సహా ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి దిగి జైలుకు పోయారంటే ఆ కోపం అట్లాంటిది. అందుకే ఇక్కడ వంశం వెతికేవాళ్లు ముత్తవ్వ పెళ్లి కాగితం దొరకలేదంటే ఆశ్చర్యపోరు, పిల్లల పుట్టుక కాగితాల్లోంచి వెనక్కి నడుస్తారు. తర్వాత 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి రంగును బట్టి మనుషులను ఊరవతలికి తోసింది. మునిసిపాలిటీ కూలీలు తరతరాలుగా బతికిన మ్యాగజీన్ బ్యారక్స్ ఖాళీ అయి జనం చాట్స్‌వర్త్‌కు చేరారు. ఇల్లు మారినప్పుడల్లా ట్రంకుపెట్టెలు తేలికయ్యాయి.

ఇన్ని పోయినా కొన్ని ఎట్లా మిగిలాయో చెప్పడం కష్టం. జూలై, ఆగస్టుల్లో డర్బన్ మారెమ్మ గుళ్ల దగ్గర ఆడవాళ్లు పులిసిన గంజి కుండలతో వరుస కడతారు. వేపాకు ఉంటుంది, డప్పు ఉంటుంది, కోడి ఉంటుంది. ఇక్కడ అప్పుడు చలికాలం, కానీ పంచాంగంలో మన ఆషాఢ శ్రావణాలే. మక్కపిండితో కాచిన ఆ అంబలి నోట్లో పెట్టుకుంటే జగిత్యాల మనిషికి వాళ్లమ్మ పోచమ్మకు బోనమెత్తే రోజు, ఆమె కాచే మక్క గట్క గుర్తుకొచ్చి కాసేపు మాట పెగల్లేదు. పక్కనున్న ముసలావిడ దాన్ని భక్తి అనుకుని ఇంకో గరిటె పోసింది.

ఈ మధ్య అతని కూతురికి బడిలో వంశవృక్షం గీయమని హోంవర్క్ ఇచ్చారు. తోటి పిల్లలు ఓడ పట్టీల నకళ్లు తెచ్చుకుంటున్నారు. ఇళ్లలో ఓసీఐ కార్డు కోసం తీసి పెట్టుకున్నవి ఎట్లాగూ ఉన్నాయి. జగిత్యాల మనిషి ఊళ్లో ఉన్న పెదబాపుకు ఫోన్ చేశాడు. పెదబాపు గోత్రం చెప్పాడు, తాత, ముత్తాత, వాళ్ల అన్నదమ్ములు, ఎవరి భాగానికి ఏ చెలక వచ్చిందో కూడా చెప్పాడు. మరి ముత్తవ్వ పేరేందని అడిగితే అవతల కాసేపు చప్పుడు లేదు.

“ఆడోళ్ల పేర్లు ఎవలు యాదికి పెట్టుకుంటరు బిడ్డా? అందరు ఆమెను వేములాడామె అనేటోళ్లు. అగో, గదే పేరు.”

అమ్మాయి ఆ గడిలో వేములవాడ అని రాసింది. మగవాళ్ల పేర్లు పట్టక పక్కన ఇంకో కాగితం అతికించింది.