శనివారం రిహార్సల్ లేదు

1969. తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నగరం. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో కాలిపోయిన ఒపేరా భవనం ఇంకా మొండిగోడలతోనే ఉంది. దాని ఆర్కెస్ట్రా స్టాట్స్‌కపెల్లె మాత్రం ఆగలేదు. 1548లో మొదలైన ఆ బృందం రాజ్యాలు మారినా, యుద్ధాలు ముంచెత్తినా వాయిస్తూనే వచ్చింది. ఆ ఏడాది దాని ముందుకు అతిథి కండక్టర్‌గా వచ్చి నిలబడ్డారు నలభై దాటిన ఓ సన్నని స్వీడన్ మనిషి. ఆయన పేరు హెర్బర్ట్ బ్లూమ్‌స్టెట్.

బృందానికి ఆయన నచ్చారు. ప్రధాన కండక్టర్ పదవి కూడా ఎదురుచూసింది. ఆయన మాత్రం వెంటనే సరేననలేదు. అది నియంతృత్వ రాజ్యం. చర్చికి వెళ్లేవారిని అనుమానంగా చూసే ప్రభుత్వం. ఆయనేమో విశ్వాసాన్ని దాచుకునే మనిషి కాదు. శుక్రవారం పొద్దుగూకిందంటే రిహార్సల్ ఆగిపోవాలి, మళ్లీ శనివారం పొద్దుగూకేదాకా మొదలుపెట్టకూడదు. ఇది ఆయన నియమం.

ఆ నియమం ఆయనకు ఇంట్లోనే అబ్బింది. తల్లి పియానో కళాకారిణి, తండ్రి శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవ సంఘంలో పాస్టరు. మన నూజివీడులో గిఫర్డ్ ఆసుపత్రిని నెలకొల్పిన సంఘమే అది. 1927 జులై 11న అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టిన హెర్బర్ట్, రెండేళ్ల వయసులో తల్లిదండ్రులతో స్వీడన్ చేరారు. వయొలిన్ చేతపట్టారు. స్టాక్‌హోమ్ రాయల్ సంగీత కళాశాలలో, ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదివారు. 1953లో అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో కండక్టింగ్‌కు కూసెవిట్‌స్కీ బహుమతి గెలిచారు. మరుసటి ఏడాది స్టాక్‌హోమ్ ఫిల్హార్మోనిక్‌తో తొలి కచేరీ చేశారు. ఆ ఏడాదే నోర్‌షోపింగ్ ఆర్కెస్ట్రా పగ్గాలు అందుకున్నారు. అక్కడి నుంచి ఓస్లోకు, తర్వాత డెన్మార్క్ రేడియో ఆర్కెస్ట్రాకు వెళ్లారు.

ఆర్కెస్ట్రాల్లో కచేరీలు ఎక్కువగా వారాంతాల్లోనే ఉంటాయి. ఆ ముందు రోజులన్నీ రిహార్సళ్లే. శుక్రవారం సాయంత్రంతో పని ఆపే కండక్టర్ మిగతావారికన్నా ముందే అన్నీ ముగించాలి. స్వీడన్ చలికాలంలో ఇది మరీ కష్టం. డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు! అయినా బ్లూమ్‌స్టెట్ ఆ గీత దాటలేదు. కానీ శనివారం కచేరీ మాత్రం నడిపిస్తారు. రిహార్సల్ అంటే శ్రమ, కచేరీ అంటే ఆ శ్రమ ఫలాన్ని శ్రోతలతో పంచుకోవడం, అది ఆరాధన. ఇదీ ఆయన ఆలోచన.

ఈ పట్టుదల వల్ల ఆయనకు స్కోరును చాలా ముందే, చాలా లోతుగా చదివే అలవాటు స్థిరపడింది. గంటలు తక్కువైనప్పుడు రిహార్సల్ గదిలో తడుముకోవడానికి వీలుండదు. స్వరకర్త రాసింది రాసినట్టుగా వినిపించాలన్న తపన కూడా అక్కడే బలపడిందని నా నమ్మకం.

చివరికి 1975లో డ్రెస్డెన్‌కు సరేనన్నారు. పదేళ్లు ఆ బృందంతో ఉన్నారు. బేతోవెన్, షూబర్ట్ సింఫనీలన్నీ రికార్డు చేశారు. బెర్లిన్ గోడ అవతలి పశ్చిమ జర్మనీకి, ప్రపంచానికి ఆ బృందం శబ్దం ఎలా ఉంటుందో ఆ రికార్డులే చెప్పాయి. 1985 ఫిబ్రవరి 13న, బాంబుదాడి జరిగి సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజున, మొండిగోడల ఒపేరా తిరిగి కట్టుకుని మళ్లీ తలుపులు తెరిచింది. ఆ ఏడాదే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీకి సంగీత దర్శకుడిగా వెళ్లారు. అక్కడి పదేళ్లలో డెన్మార్క్ స్వరకర్త నీల్సెన్ సింఫనీలను రికార్డు చేసి, వాటిని కొత్త శ్రోతల దగ్గరకు తీసుకెళ్లారు.

1998లో లైప్‌జిగ్ పిలిచింది. స్వరకర్త మెండెల్సన్ ఒకప్పుడు నడిపిన గెవాంథౌస్ ఆర్కెస్ట్రా అక్కడిదే. అక్కడ ఆయన రెండో వయొలిన్ల వరసను మొదటి వయొలిన్లకు ఎదురుగా కూర్చోబెట్టారు. పాత పద్ధతి అది. ఒక వైపు నుంచి వచ్చిన స్వరానికి మరో వైపు నుంచి జవాబు వినిపించాలని స్వరకర్తలు రాసినచోట, ఆ సంభాషణ తిరిగి చెవికి అందింది. 2005లో పదవి వదిలారు కానీ పని వదల్లేదు. ఎనభైలలో ఉండగా, 2011లో, తొలిసారి వియన్నా ఫిల్హార్మోనిక్ ముందు నిలిచారు.

2022 జూన్‌లో కింద పడి గాయపడ్డారు. వయసు తొంభై అయిదుకు చేరువైంది. ఇక చాలనుకోవడానికి అంతకు మించిన కారణం ఎవరికి కావాలి? ఆయన మాత్రం ఆ శరదృతువులోనే టోక్యోలో ఎన్‌హెచ్‌కే ఆర్కెస్ట్రాతో మాలర్ తొమ్మిదో సింఫనీ నడిపించారు. నిలబడలేక కూర్చున్నారు. బేటన్ లేకుండా, వట్టి చేతులతోనే.

వేదికపై తాను ఎంత తక్కువ కనిపిస్తే సంగీతం అంత ఎక్కువ వినిపిస్తుందని నమ్మే కళాకారుడు ఆయన. తన సుమారు 30 వేల పుస్తకాలను గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఇంత సుదీర్ఘ సంగీత జీవితానికి మూలం ప్రతిభ ఒక్కటే కాదు. వారానికో రోజు పనిని పక్కన పెట్టగలిగిన ధైర్యం కూడా. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఆరు రోజుల్ని ఆయన ఎంత శ్రద్ధగా వాడుకున్నారో, వృత్తిలో తీరిక లేదనుకునే ప్రతివారూ తెలుసుకోవాలి.