దిద్దుబాటునకు గడువు

అచ్చుకూటముతో పరిచయముగలవారికి ప్రూఫుల విలువ తెలియును. ఫారము యంత్రమెక్కువరకు అక్షరము మార్చవచ్చును. ఎక్కిన పిదప తప్పొప్పుల పట్టికయే గతి. సిలికాన్ చిప్పుల నిర్మాణమందును ఇట్టి నియమమే గలదు. ఆ నియమము విద్యార్థులకు ఎట్లు మేలుచేసినదో చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చిప్పు మొదట ఒక పటము. పటమునుబట్టి మాస్కులను సిద్ధపరచి, వాని మూలమున వెలుగును ప్రసరింపజేసి, గుండ్రని సిలికాన్ పలకపై పొరపొరగా ఆ రూపమును దింపుదురు. మాస్కులకును పలకల తయారీకిని అగు వ్యయము మిక్కిలి హెచ్చు. విద్యార్థి గీసిన చిన్న చిప్పు కొఱకు దానినెవరు భరింతురు? అందుచేత 1970 ప్రాంతములందు ఈ విద్య చాలవరకు పెద్ద కర్మాగారముల గోడల నడుమనే యుండెను. కళాశాలలలో దీనినిగూర్చి చదువువారుండిరి గాని, చేసి చూచువారు అరుదు.

ఈ గోడను తొలగింపబూనినవారిలో ఇరువురు ముఖ్యులు: కాల్టెక్ ఆచార్యులు కార్వర్ మీడ్ గారు, జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున నుండిన లిన్ కాన్వే గారు. రూపరచనకు సులభ సూత్రములను కూర్చి వారు పాఠ్యగ్రంథమును రచించిరి. 1978లో కాన్వే గారు ఎం.ఐ.టి.లో పాఠము చెప్పి, శిష్యుల రచనలను కలిపి ఒకే తయారీలో చేయించిరి. వ్యయము అందరిపై పడుటచే ఎవరికిని భారము కాలేదు.

1979లో ఆ ప్రయత్నమే విస్తరించెను. పండ్రెండు విశ్వవిద్యాలయములనుండి 124 మంది రూపకర్తలు 82 రచనలను ఆర్పానెట్ అను కంప్యూటరు జాలము ద్వారా పంపిరి. వానిని స్వీకరించి కూర్చు ఏర్పాటును ఆలన్ బెల్ గారు నిర్మించిరి. పంపిన రచనలో లోపము కనబడినచో, సవరించి మరల పంపవచ్చును. గడువు దాటినచో ఎంతటివాని సవరణయైనను పలక నెక్కదు. ఒకరి ఆలస్యమునకు తక్కినవారందఱు వేచియుండరాదు గదా! హ్యూలెట్ పాకార్డ్ వారి కర్మాగారమున పలకలు సిద్ధమయ్యెను. గడువు ముగిసిన 29 దినములకే చిప్పులు రూపకర్తలకు పంపబడెను. తాను గీసినది పనిచేయునో లేదో చిప్పే చెప్పును; ఉపాధ్యాయుని మార్కులతో నిమిత్తము లేదు. అందులో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు జేమ్స్ క్లార్క్ గారి జ్యామితి యంత్రపు తొలిరూపము గూడ నుండెను. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థకు తరువాత అదియే మూలమయ్యెను.

1981లో అమెరికా రక్షణ పరిశోధన శాఖ ద్రవ్యముతో మోసిస్ అను శాశ్వత సేవ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వెలసెను. 2022లో మొదలైన టైనీ టేపౌట్ ద్వారా విద్యార్థులును ఔత్సాహికులును పలకపై చోటు పొందగలిగిరి. అచ్చటను గడువులోపల రచనను సవరించి మరల సమర్పింపవచ్చును. అయితే 2025లో ఆ తయారీలకు ఆధారమైన ఎఫాబ్లెస్ సంస్థ మూతపడెను. టైనీ టేపౌట్ వేఱు దారులు వెదకుకొనవలసివచ్చెను. పదిమందికి తెఱచిన తలుపును కాచుటయు పదిమంది పనియే.

కాన్వే గారి కథను చెప్పక విడువరాదు. పుట్టుకతో పురుషుడని లోకమెంచిన ఆమె స్త్రీగా జీవింప నిశ్చయించుటచే, 1968లో ఐ.బి.ఎం. ఆమెను ఉద్యోగమునుండి తొలగించెను. పూర్వచరిత్రను దాచుకొని ఆమె మొదటినుండి బ్రతుకు నారంభించిరి. 2020లో ఆ సంస్థ క్షమాపణ చెప్పెను. 2024లో ఆమె మరణించిరి. ఏబదిరెండేండ్లకు వచ్చిన దిద్దుబాటది! ఆమె చూచుటకైనను నోచుకొనిరని సంతసింపవలెనా, ఇంత ఆలస్యమేల యని ప్రశ్నింపవలెనా?

మన బడులలో బాలుడు తప్పు వ్రాసినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేసి మార్కు తగ్గింతుము; సవరించి తెమ్మని అడుగుట అరుదు. అందఱకు ఒకే గడువు నిచ్చి, అది ముగియువరకు దిద్దుకొనుటకు స్వేచ్ఛనిచ్చి, తుదకు చేసినదానిని చేతికిచ్చి చూపు పద్ధతి మన విద్యాశాలలకును అవసరమని మా విన్నపము.