ఉక్కుపెట్టెలో చల్లదనము, నిశ్శబ్దము

హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గముమీద, విశాఖపట్నమునకు పడమటి దిక్కున దువ్వాడ స్టేషను కలదు. కటకమునుండి బెజవాడవఱకు సాగు ఈ తీరపు మార్గమును 1893–1896 సంవత్సరముల నడుమ తెరచిరి. విశాఖపట్నములో ఇంజను దిశ మార్చవలసి వచ్చును గనుక, ఆ ఆలస్యమును తప్పించుకొనుటకై కొన్ని దూరప్రయాణపు రైళ్లు ఆ స్టేషనుకు పోక దువ్వాడలోనే ఆగి సాగిపోవును. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున అట్టి రైలు పెట్టె పైకప్పుమీద చేయి ఆనించుట కష్టము. లోపల శీతలీకరణ పెట్టెలోని ప్రయాణికుడు మాత్రము దుప్పటి కప్పుకొని నిద్రించుచుండును. ఈ రెంటికిని నడుమ ఉన్నది కొద్ది అంగుళముల మందముగల గోడ. ఆ గోడలో ఏమి నింపవలెనని మానవుడు నేర్చుకొనిన కథ చల్లదనపు కథ మాత్రమే కాదు. అందులో ప్రాణనష్టము కూడ ఉన్నది.

బండిలోనికి ఉష్ణము మూడు దారుల వచ్చును. ఎండలో వికిరణమై వచ్చును, గాలితోపాటు కదలి వచ్చును, లోహముగుండ ప్రాకి వచ్చును. మొదటి తరము రైలుపెట్టెలలో మొదటి రెండు దారులనే అడ్డుకొనిరి. పైకప్పుమీద జానెడు ఎడముగా మరొక కప్పు వేసిరి. ఎండ పై కప్పును కాల్చినను నడుమనుండి గాలి పారుచుండెను. కిటికీలకు నీడరేకులు దించిరి. మొదటి తరగతి పెట్టెలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టిరి. నీరు ఆవిరియగుటకు ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును అది గాలినుండియే తీసికొనును. మన ఇండ్లలో వాడు వట్టివేళ్ల తడికల సూత్రమే ఇది. అయితే పొడిగాలిలో పనిచేసినంతగా ఈ పద్ధతి విశాఖవంటి తీరపు తేమగాలిలో పనిచేయదు.

1934లో ఫ్రాంటియర్ మెయిలు పెట్టెలను మంచుదిమ్మలతో చల్లబరచిరి. 1936లో బొంబాయిలోని మాటుంగా కర్మశాలలో తయారైన శీతలీకరణ పెట్టెలు వచ్చినవి. అంతటితో సమస్య స్వరూపమే మారినది. గాలి ఆడవలసిన కిటికీ మూయవలసి వచ్చెను. చల్లదనమునకు ఖర్చు పెట్టవలసి వచ్చెను. లోపలి చలువ బయటకు పోకుండ గోడను ఉష్ణబంధకముతో నింపుట తప్పనిసరియైనది. 1955 అక్టోబరు 2న పెరంబూరులో ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పూర్తిగా ఉక్కుతో పెట్టెలు కట్టినది. ప్రమాదములలో ఉక్కు చెక్కకంటె మేలు. కాని నిశ్చలమైన గాలికంటె ఉక్కు సుమారు 2000 రెట్లు త్వరగా ఉష్ణమును ప్రాకనిచ్చును. అంతేకాక పలుచని ఉక్కురేకు తప్పెట వంటిది. చక్రముల అదురు తగిలినంతనే మ్రోగును.

ఇక్కడ పాఠకులు ఒక విషయమును గమనించవలెను. ఉష్ణమును ఆపు గుణము వేఱు, ధ్వనిని ఆపు గుణము వేఱు. దూది, నురుగు, ఉన్ని వంటివి తమలో గాలిని చిన్నచిన్న అరలలో బంధించి కదలనీయవు. అందుచేత వేడి ముందుకు పోదు. కనుక ఉష్ణమునకు అడ్డు తేలికదనము. ధ్వనికి అడ్డు బరువు. గోడ బరువు రెట్టింపైనచో దాటివచ్చు ధ్వని సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. మూడవది రేకు మ్రోత. దీనిని ఆపుటకు రేకునకు తారువంటి జిగటపదార్థము అంటించవలెను. రేకు వంగినపుడెల్ల ఆ పొర సాగి, కంపనశక్తిని కొద్దిపాటి వేడిగా మార్చివేయును. ఈ విషయమును జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఓబెర్స్ట్ 1952లో గణితరీత్యా నిరూపించెను.

మూడు పనులకు మూడు పదార్థములు కావలెనన్నచో ఖర్చు, శ్రమ పెరుగును. ఒకే పదార్థము అన్నియు చేసిన ఎంత బాగుండును! అట్టి పదార్థము దొరికినదని లోకము ఒకప్పుడు నమ్మినది. అదియే రాతినార, అనగా ఆస్బెస్టాస్. అది కాలదు, కుళ్లదు, వేడిని ఆపును, ధ్వనిని పీల్చును. 1930ల ఆరంభమున ఇంగ్లండులోని లీడ్స్ నగరమున దీనిని నీటితో, సిమెంటుతో కలిపి గోడలమీద చిమ్ము పద్ధతిని కనిపెట్టిరి. 1950లలో బ్రిటిష్ రైల్వేలు వేలకొలది పెట్టెల లోపలివైపు నీలి రాతినారను ఈ విధముగనే చిమ్మించినవి. ప్రయాణికుడు సుఖపడెను. పెట్టెలో నిలబడి నారను చిమ్మిన కార్మికుడు, తరువాత మరమ్మతునకై దానిని గీకిన కార్మికుడు ఆ ధూళిని పీల్చిరి.

1960లో వాగ్నర్, అతని సహచరులు దక్షిణాఫ్రికానుండి 33 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు వచ్చు మీసోథీలియోమా అను అరుదైన క్యాన్సరునకును నీలి రాతినారకును గల సంబంధము దానితో బయటపడెను. ఈ వ్యాధి ధూళి పీల్చిన 20 నుండి 40 ఏండ్ల తరువాతగాని తలయెత్తదు. రైలుపెట్టెల కర్మాగారముగల స్విండన్ పట్టణమున ఆ వ్యాధికి ఊరిపేరే పెట్టిరి. బ్రిటనులో నీలి, గోధుమ రంగు రాతినారలను 1985లోను, తెల్లనిదానిని 1999లోను నిషేధించిరి.

ఇది పరాయిదేశపు కథయని తలపరాదు. కడప ప్రాంతమున పులివెందులవద్ద తెల్ల రాతినార నిక్షేపములు కలవు. మన దేశమున రాతినార గనులకు కొత్త లీజులిచ్చుటను 1986లో నిలిపివేసిరి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని చెప్పి, రాతినార పరిశ్రమలలో పనివారి ఆరోగ్యపు రికార్డులను 40 ఏండ్లవఱకు భద్రపరుపవలెనని ఆదేశించెను. అన్ని ఏండ్లేల? వ్యాధి అంత ఆలస్యముగ వచ్చును గనుక.

రాతినారకు బదులుగ నిలిచినవానిలో ముఖ్యమైనది ఖనిజపు ఉన్ని. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుముపై తేలు లోహమలమును, అనగా చిట్టెమును, కరగియుండగనే ఆవిరితో ఊదినచో సన్నని పోగులగును. 1840లో వేల్సు దేశమున ఎడ్వర్డ్ పారీ ఈ ప్రయత్నము చేసెను. కాని పోగులు గాలిలో తేలి పనివారిని బాధించుటచే దానిని మానుకొనవలసి వచ్చెను. 1871లో జర్మనీలోని గేఒర్గ్స్‌మారియెన్‌హ్యుట్టెలో వ్యాపారరీతిని ఉత్పత్తి మొదలైనది. పారీ అనుభవములోని హెచ్చరికను తరువాతివారు రాతినార విషయమున మరచిరి. ఖనిజపు ఉన్ని విషయమున మాత్రము చాలకాలము పరీక్షలు జరిపిరి. 2001లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని క్యాన్సరు కలిగించునని వర్గీకరింపదగని పదార్థములలో చేర్చెను. అయినను పనివారికి ముసుగు, చేతితొడుగు అవసరమే. దువ్వాడ చెంతనున్న ఉక్కు కర్మాగారపు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అట్టి ఫర్నేసులలో ఇనుముతోపాటు వచ్చు లోహమలము వట్టి చెత్త కాదనుటకు ఈ ఉన్నియే సాక్ష్యము.

ఇదే శాస్త్రము చిన్న బండికిని వర్తించును. 1961 నాటి జాగ్వార్ ఈ-టైపు వంటి పాత పందెపురీతి కార్లలో బరువు తగ్గించుటయే లక్ష్యము. ఇంజనుకును కూర్చున్నవాని కాళ్లకును నడుమ పలుచని రేకు మాత్రముండును. వానిని బాగుచేయువారు మొదట రేకుమీద జిగటపొర అంటించవలెను. దానిపై తేలికైన నురుగు లేక ఉన్ని, ఆపైన బరువైన మెత్తని పట్ట, చివరకు తివాచీ. బరువు పట్టలో ఖనిజపు పొడి కలుపుదురు; రాయలసీమలోని మంగంపేటలో విస్తారముగ దొరకు ముగ్గురాయి అందులకు తగినది, అది నీటికంటె నాలుగున్నర రెట్లు బరువు. పొగగొట్టము వైపున మెరయు అల్యూమినియపు రేకును కొద్దిగ ఎడముగ బిగించవలెను. ఎడము లేనిచో అది వట్టి లోహమై వేడిని ప్రాకనిచ్చును. రంధ్రములను మూయుట మరువరాదు. గోడలో నూరింట ఒక వంతు తెరపియున్నచో, ఎంత మంచి గోడయైనను 20 డెసిబెల్లులకు మించి ధ్వనిని తగ్గింపజాలదు.

పాతకాలపు జనపనార పట్టలు తక్కువ ధరకు ధ్వనిని బాగుగ పీల్చును. కాని తీరప్రాంతమున అవి తేమను కూడ పీల్చి, క్రిందిరేకును తుప్పు తినునట్లు చేయును. ఇక పాతబండ్ల పొరలలో రాతినార ఉండవచ్చునన్న అనుమానమున్నచో దానిని పొడిగ గీకరాదు, చీపురుతో ఊడ్వరాదు. పరీక్ష చేయించి నిపుణులచేతనే తీయించవలెను.

వేడిని ఎంత ఆపును, ధ్వనిని ఎంత తగ్గించును అను రెండు ప్రశ్నలతోనే ఒక పదార్థమును ఎంచుకొనుట ఒకనాటి ఆచారము. చేసినవానికి, తొడిగినవానికి, ముప్పది ఏండ్ల తరువాత విప్పువానికి ఏమగునన్న ప్రశ్న వేయుటకు లోకము చాల మూల్యము చెల్లించినది. దువ్వాడ దాటిపోవు రైలులో దుప్పటి కప్పుకొని నిద్రించు ప్రయాణికుని సుఖమును ఈ మూడు ప్రశ్నలతోను తూచవలెను.