బైక్ పడిపోతే ఎలా లేపాలి? నెలల తరబడి ఆపేటప్పుడు ఏ స్టాండ్ వాడాలి?

అబ్బాయి సౌదీకో, దుబాయ్‌కో ఉద్యోగానికి వెళ్తాడు. బైక్ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. హైదరాబాద్ పాతబస్తీలోనైనా, నిజామాబాద్‌లోనైనా, కడపలోనైనా ఇది మామూలే. వెళ్లేవాడు తాళంచెవి అమ్మీ చేతిలో పెట్టి "అప్పుడప్పుడు స్టార్ట్ చేయించండి" అని చెప్పి ఫ్లైట్ ఎక్కుతాడు. ఆ తర్వాత ఏడాదో, రెండేళ్లో ఆ బండి వరండాలో సైడ్ స్టాండ్ మీదే ఉంటుంది. ఇల్లు కడిగేటప్పుడు ఒకరు జరుపుతారు, వానొస్తే ఇంకొకరు లోపలికి నెడతారు. అలా జరిపేటప్పుడే ఓ రోజు దబ్బున పడిపోతుంది.

స్ప్లెండర్ లాంటి బండే 110 కిలోలకు పైగా ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. ఇంట్లో ఉన్న పెద్దాయన నడుం వంచి దాన్ని ఒక్కడే లాగితే బండికి పడ్డ గీతల కంటే ఆయన నడుంకయ్యే ఖర్చే ఎక్కువ. అందుకే బండిని సరైన స్టాండ్ మీద పెట్టడం, పడితే సరిగ్గా లేపడం, ఈ రెండూ ఇంట్లో ఒకరిద్దరికైనా తెలిసి ఉండాలి.

ముందు మనిషి, తర్వాత బండి

రోడ్డు మీద పడితే ముందు మనిషిని చూడాలి. బండి కింద కాలు ఇరుక్కుంటే కాలు పట్టి గుంజొద్దు, బండినే పైకి ఎత్తాలి. తలకు, మెడకు దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే, ఊపిరి సరిగ్గా ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగేయకుండా 108కి ఫోన్ చేయండి. సాయం చేస్తే పోలీస్ కేసులో ఇరుక్కుంటామని కొందరు వెనకాడతారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తోంది. పేరు, వివరాలు చెప్పమని వాళ్లను బలవంతం చేయకూడదు.

తర్వాత ఇంజన్ ఆపాలి. హ్యాండిల్ దగ్గరున్న కిల్ స్విచ్ నొక్కి తాళం ఆఫ్ చేయండి. పెట్రోల్ కారుతోందేమో చూడండి. పాత కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ మూసేయాలి. దగ్గర్లో ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూసుకోండి. సైలెన్సర్ కాలుతూ ఉంటుంది, చాలా బళ్లకు అది కుడి వైపే ఉంటుంది. చెయ్యి పెట్టే ముందు ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలి.

నడుంతో కాదు, కాళ్లతో లేపాలి

ఇద్దరు ఉంటే పని తేలిక. ఇద్దరూ ఒకే పక్కన నిలబడి, ఒకరు హ్యాండిల్, ఒకరు వెనక సీటు దగ్గరి గ్రాబ్ రైల్ పట్టుకుని, మోకాళ్లు వంచి ఒకేసారి లేపాలి. ఒక్కరే ఉంటే ఇలా చేయండి:

1. బండి కుడి పక్కకు పడితే, ఎడమ వైపున్న సైడ్ స్టాండ్ పైకి కనిపిస్తుంది. లేపకముందే దాన్ని తెరిచి పెట్టండి. బండి అవతలి పక్కకు ఒరిగినా స్టాండ్ ఆపుతుంది.

2. చక్రం దొర్లకుండా ఫస్ట్ గేర్‌లో వేయండి. ఎడమ పక్కకు పడితే గేర్ లివర్, స్టాండ్ రెండూ కిందే ఉంటాయి. అప్పుడు ముందు బ్రేక్ లివర్‌ను రుమాలుతోనో రబ్బర్ బ్యాండ్‌తోనో హ్యాండిల్‌కు బిగించి కట్టండి.

3. హ్యాండిల్‌ను బండి పడిన వైపే పూర్తిగా తిప్పండి. ముందు చక్రం మొన నేల వైపు చూడాలి.

4. బండికి వీపు పెట్టి, పిరుదులు సీటు అంచుకు ఆనేలా కిందికి కూర్చోండి. ఒక చేత్తో నేల వైపున్న హ్యాండిల్ గ్రిప్, ఇంకో చేత్తో ఫ్రేమ్ లేదా గ్రాబ్ రైల్ పట్టుకోండి. ఇండికేటర్, ప్లాస్టిక్ భాగాలు పట్టుకుంటే విరుగుతాయి.

5. వీపు నిటారుగా ఉంచి, సీటును పిరుదులతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి. బలమంతా తొడలది. చేతులు పట్టు తప్పకుండా ఉంటే చాలు.

6. బండి నిటారుగా వచ్చే ముందు వేగం తగ్గించండి. ఎక్కువ బళ్లు రెండోసారి పడేది ఇక్కడే, అవతలి పక్కకి. ఎడమ పక్కకు పడిన బండి అయితే నిలబడగానే కాలితో స్టాండ్ వేసుకోండి.

బురద, ఇసుక, వాలు ఉన్న చోట ఒక్కరే ప్రయత్నించొద్దు. వయసు మీద పడినవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ముట్టుకోవద్దు. పక్కింటి వాళ్లను పిలిస్తే పోయేదేమీ లేదు.

లేచిన వెంటనే కిక్ కొట్టొద్దు

పడుకున్న బండిలో ఆయిల్ అటూ ఇటూ పారుతుంది. కొన్ని నిమిషాలు నిలబెట్టి ఉంచి, ఆయిల్ లెవెల్ చూసి, అప్పుడు స్టార్ట్ చేయండి. బీఎస్ 6 బళ్లలో చాలావాటికి ఒరిగితే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే గానీ స్టార్ట్ కాదు. కిల్ స్విచ్ వెనక్కి మార్చారో లేదో కూడా చూడండి. దీనికే బండి పాడైందనుకుని మెకానిక్ దగ్గరికి నెట్టుకెళ్లేవాళ్లున్నారు.

స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్లటి పొగ వస్తే అది లోపలికి చేరిన ఆయిల్ కాలడం వల్ల కావచ్చు. ఆగకుండా వస్తుంటే మాత్రం మెకానిక్‌కు చూపించాలి. కిక్ అసలు దిగకపోతే బలవంతంగా తొక్కొద్దు. సిలిండర్‌లో ఆయిల్ గానీ పెట్రోల్ గానీ నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నడిపే ముందు బ్రేక్, క్లచ్ లివర్లు, హ్యాండిల్ నేరుగా ఉందా, ఎక్సలేటర్ వదలగానే వెనక్కి వస్తోందా, ఇవన్నీ చూసుకోండి. నీళ్లు పోసే పాతరకం బ్యాటరీ అయితే యాసిడ్ కారిందేమో చూసి, కారితే నీళ్లతో బాగా కడగాలి.

ఏ స్టాండ్ ఎందుకు?

సైడ్ స్టాండ్: పూట, రోజు ఆపడానికి సరిపోతుంది. నెలల తరబడి మాత్రం వద్దు. రెండు టైర్లూ ఒకే చోట బరువు మోస్తాయి. మట్టి నేలలో స్టాండ్ కాలు మెల్లగా దిగబడుతుంది, మే నెల ఎండకు తారు మీద కూడా దిగుతుంది. తప్పదనుకుంటే కాలి కింద చెక్క ముక్కో, నాపరాయి ముక్కో పెట్టండి.

సెంటర్ స్టాండ్: దీన్నే చాలామంది డబుల్ స్టాండ్ అంటారు. ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకు ఇదే మంచిది. బండి నిటారుగా ఉంటుంది, చోటు తక్కువ పడుతుంది, ఒక చక్రం నేలకు ఆనదు. వేయడం కూడా బలంతో పని కాదు. బండికి ఎడమ పక్కన నిలబడి, ఎడమ చేయి హ్యాండిల్ మీద, కుడి చేయి గ్రాబ్ రైల్ మీద పెట్టండి. స్టాండ్ రెండు కాళ్లూ నేలకు సమంగా ఆనేదాకా కుడి పాదంతో నొక్కి, ఆ తర్వాత ఒంటి బరువంతా ఆ పాదం మీద వేయండి. బండి దానంతట అదే వెనక్కి ఎక్కుతుంది.

ప్యాడాక్ స్టాండ్: డ్యూక్, ఆర్15 లాంటి బళ్లకు సెంటర్ స్టాండ్ రాదు. వాటికి వెనక స్వింగ్ ఆర్మ్ కింద పెట్టి లేపే స్టాండ్ ఇది. రెండు రకాలు దొరుకుతాయి. స్వింగ్ ఆర్మ్‌కు బిగించిన బాబిన్‌లను పట్టుకునేది ఒకటి, రబ్బర్ ప్యాడ్ మీద స్వింగ్ ఆర్మ్‌ను కూర్చోబెట్టేది ఇంకొకటి. బాబిన్ బిగించే వీలుంటే మొదటిదే కొనండి, అందులో జారే భయం తక్కువ. బాబిన్ బోల్టు సైజు బండిని బట్టి మారుతుంది, షాపులో మోడల్ చెప్పి తీసుకోండి. స్టాండ్ వెడల్పు, అది మోసే బరువు కూడా అడగండి.

ఫ్రంట్ స్టాండ్ విడిగా దొరుకుతుంది. ఒక నియమం మాత్రం మరిచిపోవద్దు. ఎక్కించేటప్పుడు ముందు వెనక స్టాండ్, తర్వాత ఫ్రంట్ స్టాండ్. దించేటప్పుడు ముందు ఫ్రంట్, తర్వాత వెనకది. వెనక స్టాండ్ లేకుండా ఫ్రంట్ ఒక్కటే పెడితే బండి పడుతుంది. ప్యాడాక్ స్టాండ్ వేసేటప్పుడు బండి న్యూట్రల్‌లో, సైడ్ స్టాండ్ తెరిచి ఉండాలి, పక్కన ఇంకో మనిషి పట్టుకోవాలి. చిన్నపిల్లలు ఆడుకునే ఇంట్లో సెంటర్ స్టాండ్ మీదున్న బండినైనా గోడ మూలకు పెట్టడమే క్షేమం.

స్టాండ్ ఒక్కటే చాలదు

బ్యాటరీ: వాడకపోయినా ఛార్జ్ దిగిపోతుంది. ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పి పక్కన పెట్టండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

పెట్రోల్: ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఇనుప ట్యాంకును నిండుగా ఉంచితే లోపల గాలికి చోటు తగ్గి తుప్పు తగ్గుతుంది. ఏడాదికి పైగా అయితే మెకానిక్‌తో ఖాళీ చేయించడమే మేలు. కార్బురేటర్ బండి అయితే అందులోని పెట్రోల్ కూడా తీయించండి.

టైర్లు, చైన్: కంపెనీ చెప్పినంత గాలి నింపి, నేలకు ఆనిన చక్రాన్ని రెండు వారాలకోసారి కాస్త తిప్పమని ఇంట్లో చెప్పండి. చైన్ కడిగి లూబ్ వేయించండి.

కవర్: గాలి ఆడే గుడ్డ కవర్ వాడండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది. సైలెన్సర్ నోట్లో గుడ్డ పెడితే, తీయాలని గుర్తుకు హ్యాండిల్‌కు చీటీ కట్టండి.

"వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. రెండు నిమిషాల్లో సెల్ఫ్ లాగేసిన ఛార్జ్ కూడా తిరిగి నిండదు. సైలెన్సర్‌లో నీటి చెమ్మ మాత్రం మిగులుతుంది. లైసెన్స్ ఉన్నవాళ్లు పదిహేను, ఇరవై నిమిషాలు నడపగలిగితే నడపాలి, లేదంటే అలాగే వదిలేయాలి. మూసిన గదిలో ఇంజన్ ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

అమెరికా, కెనడాల్లో మంచు పడే చోట్ల ఉంటున్న మనవాళ్లకు ఇదే పని ప్రతి శీతాకాలం ఉంటుంది. అక్కడ పైవాటికి తోడు పెట్రోల్‌లో స్టెబిలైజర్ కలిపి, ఇంజన్‌లోకి చేరేలా కాసేపు నడిపి ఆపుతారు. కూలెంట్ ఉన్న బండి అయితే అది గడ్డకట్టని రకమో కాదో చూపించుకోవాలి.

వెళ్లే ముందు కాగితాలు కూడా

కొత్త బైక్‌కు 5 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా ఉంటుంది. కానీ బండి దొంగల పాలైతే, పడి పాడైతే డబ్బు వచ్చేది ఓన్ డ్యామేజ్ కవర్ నుంచే. దాని గడువు ముగిశాక 90 రోజుల్లోగా రెన్యూ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, దుబాయ్ నుంచైనా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా తేల్చి చెప్పండి. 18 ఏళ్లు నిండని తమ్ముడు బండి తీసి ఏదైనా చేస్తే, చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం పెద్దలకు లేదా బండి యజమానికి రూ.25,000 జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. బండి ఎవరి పేరున ఉందో వాళ్లు దేశంలో లేకపోయినా కేసు ఆగదు. సెంటర్ స్టాండ్ వేసి, బ్యాటరీ విప్పి, తాళంచెవి బీరువాలో పెట్టించి వెళ్తే ఇంట్లోవాళ్లకూ నిశ్చింత, తిరిగొచ్చాక మీకూ బండి బండిలా దొరుకుతుంది.